ఒక ఇంట్లో రెండు వంటలు

కోవూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒక అక్క ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. "మీరు నాకంటే చిన్నవారని తెలుసు, చెల్లెలనుకుని రాస్తున్నా" అని మొదలుపెట్టారు. ఆమెకు 64 ఏళ్లు, ఆయనకు 70. మూడెకరాల వరి పొలం ఉంది, రెండేళ్ల కిందట కౌలుకిచ్చేశారు. నాలుగు నెలల కిందట ఒక రాత్రి ఆయనకు గుండెల్లో నొప్పి, ఒళ్లంతా చెమటలు. నెల్లూరు తీసుకెళ్తే రక్తనాళం మూసుకుపోయిందని స్టెంటు వేశారు. బీపీ ఎప్పటినుంచో ఉంది, షుగరుకు కూడా మాత్ర వేసుకుంటున్నారు. ఇంటికి పంపేటప్పుడు తిండి గురించి ఆసుపత్రిలో చెప్పింది ఒక్క మాటే: "ఉప్పు, నూనె తగ్గించండి."

మిగతాది బెంగళూరు నుంచి కోడలు ఫోనులో చెప్పింది. నూనె చుక్క వేయకూడదు, ఉప్పు అసలు తగలకూడదు, అన్నం బదులు ఓట్స్, పొద్దున్నే పచ్చి క్యారెట్, కీర ముక్కలు. చేపలు, గుడ్లు బంద్. ఆయనకు కింది దవడలో ఉన్నవి నాలుగు పళ్లు. నాలుగు నెలల్లో 63 కేజీల మనిషి 57కి వచ్చారు. మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. సాయంత్రం సెంటర్లో బజ్జీల బండి దగ్గర ఆయన్ను చూశామని ఊళ్లో వాళ్లు చెప్పారు. అటక మీద దాచిన ఆవకాయ జాడీలో పచ్చడి తగ్గుతూ ఉంది. అడిగితే "చచ్చేదాకా గడ్డి తినమంటావా" అని అరిచి, రెండు రోజులు మాట్లాడలేదట. ఈలోగా మరిది వచ్చి, వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కాచి తాగితే నాళాలు వాటంతట అవే శుభ్రమవుతాయి, ఆ మాత్రలు ఆపేయమని చెప్పి వెళ్లాడు.

ఆమె ఇప్పుడు రెండు వంటలు చేస్తున్నారు, ఆయనకొకటి, తనకొకటి. వాసనకు ఆయన బాధపడతారని, ఆయన పడుకున్నాక వంటింట్లో కూర్చుని తింటున్నారు. చివర్లో ఇలా అడిగారు: "ఆయన నోరు కట్టేసి బతికించుకోనా, ఆయన ఇష్టానికి వదిలేయనా? ఏది చేసినా పాపం నాదే అనిపిస్తోంది."

అక్కా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వంట మాట తర్వాత. ముందు ఈ వారంలోనే తేలాల్సినవి రెండున్నాయి.

మొదటిది మాత్రలు. స్టెంటు వేసిన తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. మొదటి ఏడాదిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మీ మరిది ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ వెల్లుల్లి కషాయం ఏదీ మూసుకున్న నాళాన్ని తెరవదు. పైగా వెల్లుల్లి కూడా కొంత రక్తాన్ని పలచన చేసే గుణమున్నదే కాబట్టి, ఆ మాత్రలతో పాటు గ్లాసుల లెక్కన తాగితే రక్తస్రావం భయం పెరుగుతుంది. కూరలో నాలుగు రెబ్బలు వేసుకోండి, హాయిగా తినండి. మందుగా మాత్రం వద్దు.

రెండోది ఆ 6 కేజీలు. సన్నబడ్డారు, గుండెకు మంచిదే అని మీవాళ్లు ఎవరైనా అని ఉండొచ్చు. 70 ఏళ్ల మనిషి నాలుగు నెలల్లో దాదాపు పదో వంతు బరువు తగ్గితే పోయేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా పోతుంది. ఈ వయసులో పోయిన కండ తిరిగి రావడం కష్టం. కండ పోతే నడక పోతుంది, పడిపోయే భయం వస్తుంది. లేవగానే కళ్లు తిరగడం కూడా ఇందులో భాగమే కావచ్చు. ఇంటి వంటలో ఉప్పు అసలు లేదు, తిండి సగమయింది, బీపీ మాత్ర మాత్రం పాత మోతాదులోనే పడుతోంది. అలాంటప్పుడు లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. షుగరు మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగరు కూడా పడిపోవచ్చు. కొన్ని రకాల బీపీ మాత్రలకు ఒంట్లో సోడియాన్ని (ఉప్పులో ఉండేది అదే) తగ్గించే గుణం కూడా ఉంది. కాబట్టి మందుల కవర్లన్నీ ఒక సంచిలో వేసుకుని, ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. "బరువు ఇంత తగ్గింది, కళ్లు తిరుగుతున్నాయి, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడండి, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించమంటారా?" అని అడగండి. గుండె పంపింగ్ ఎలా ఉందో కూడా అడగండి. అది బలహీనంగా ఉంటే ఉప్పు, నీళ్ల లెక్క వేరుగా ఉంటుంది. అప్పుడు నేను కింద రాసేదాని కంటే డాక్టరు మాటే మీకు లెక్క.

మీ ఉత్తరంలో చుట్ట, బీడీ మాట లేదు. ఆయనకు ఆ అలవాటు లేదనే ఆశిస్తాను. ఉంటే మాత్రం ఉప్పు కంటే, నూనె కంటే ముందు మానాల్సింది అదే.

ఇక మీరడిగిన ప్రశ్న. మీరు రెండు దారులు రాశారు. నాకు మూడోది కూడా కనిపిస్తోంది. మూడింటిలో ఏదైనా మీరు ఎంచుకోవచ్చు, కానీ ఏ దారిలో ఏం జరుగుతుందో తెలిసి ఎంచుకోండి.

ఇప్పుడున్నట్టే కొనసాగిస్తే ఏమవుతుందో మీ ఉత్తరమే చెబుతోంది. ఇంట్లో నాలుగు మెతుకులు తిని లేచే మనిషి, సాయంత్రానికి ఆకలి ఆగక బజ్జీల బండి దగ్గర తేలతాడు. పొద్దుటి నుంచి కాగుతున్న నూనె అది, నిన్నటి నూనె కూడా కలిసి ఉండొచ్చు. అంటే మీ పొయ్యి మీద మీరు ఆదా చేసిన రెండు చెంచాల మంచి నూనె స్థానంలో, కాగి కాగి చెడిన నూనె ఆయన ఒంట్లోకి పోతోంది. ఆవకాయ దొంగతనంగా తినేవాడు గబగబా తింటాడు, ఎక్కువ తింటాడు. ఆయనకు ఉప్పు తగ్గలేదక్కా. మీ కళ్ల ముందు తినడం ఒక్కటే తగ్గింది.

ఆయన ఇష్టానికి వదిలేస్తే ఇంట్లో మాటలు తిరిగి మొదలవుతాయి. అది చిన్న విషయమేం కాదు. 70 ఏళ్ల మనిషికి తన కంచం మీద తనకు హక్కు ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ఆయన గుండెపోటుకు ముందు తిన్నట్టే తింటే మాత్రలు ఒంటరిగా పోరాడాలి. గుండెపోటుకు ముందు వాడకం గురించి మీరు రాసిన లెక్క చూడండి: ఇద్దరికి నెలకు కేజీ ఉప్పు, నాలుగు లీటర్ల నూనె. అది ఇద్దరి తిండి కాదు, ఐదారుగురి తిండి.

ఆ లెక్క నుంచే మూడో దారి మొదలవుతుంది. మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే చెబుతోంది. 5 గ్రాములంటే కొలిచి వేసిన ఒక టీ చెంచా. ఇద్దరికి నెలకు 300 గ్రాములు. పచ్చడి, అప్పడం, బయటి తిండి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మీ కేజీలో కొంత వడియాలకూ పచ్చళ్లకూ పోయి ఉంటుందనుకున్నా, అప్పట్లో మీరు వాడింది అంతకు రెండు మూడు రెట్లు. అక్కడి నుంచి మీరు ఒక్క రోజులో సున్నాకి దూకారు. నాలుక ఒప్పుకోలేదు. మొండిదేమీ కాదక్కా నాలుక, దానికి కొన్ని వారాలు టైమ్ ఇవ్వాలంతే. మొదటి నెల ఒక డబ్బాలో 600 గ్రాములు కొలిచి పోసుకుని, వంటకు, పచ్చడికి అన్నింటికీ అందులోంచే తీయండి. రెండో నెల 450. ఆ తర్వాత 300. అప్పటికి పాత ఉప్పుతో చేసిన కూర మీకే నోట్లో పెట్టుకోలేనట్టు అనిపిస్తుంది. చినగంజాం కళ్లుప్పయినా, గులాబి రంగు ఉప్పయినా సోడియం లెక్కలో దాదాపు ఒకటే, కాబట్టి అయొడిన్ కలిపిన మామూలు ఉప్పు చాలు. గుండెకు మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం డాక్టర్ని అడక్కుండా కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు సరిగ్గా లేనివాళ్లకు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు పొటాషియం పెరిగితే గుండె లయే తప్పే ప్రమాదం ఉంది.

ఉప్పు తగ్గినప్పుడు రుచి ఎక్కడి నుంచి తేవాలి? మన నెల్లూరు వంటకు ఇది ఒక సమస్యేనా అక్కా! పులుపు ఉన్నచోట ఉప్పు తక్కువైనా నాలుకకు తెలియదు. చింతపండు, మామిడికాయ, నిమ్మ, గోంగూర, మెంతులు, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి, కరివేపాకు అన్నీ మనవే. కూరలో ఉప్పు ఉడికేటప్పుడు కాకుండా దించే ముందు వేస్తే తక్కువే సరిపోతుంది. అప్పడాలు మాత్రం మానేయండి, వాటిలో ఉప్పుతో పాటు సోడా కూడా ఉంటుంది, ఆపైన నూనెలో వేయిస్తాం. చల్లమిరపకాయలు, ఉప్పుచేప కూడా ఈ కోవలోవే. ఆవకాయను అటక మీద నుంచి దించండి. దించి, బల్ల మీద ఒక చిన్న గిన్నెలో, వారానికి రెండు రోజులు, ఒక్క ముక్క. దాచిన జాడీ కంటే కళ్ల ముందున్న ముక్క నయం. రోజూ ఏదో ఒకటి నంజుకోవాలనిపిస్తే బీరకాయ తొక్కు పచ్చడో, పల్లీల పచ్చడో అప్పటికప్పుడు రోట్లో నూరండి. నిల్వ ఉండాల్సిన పని లేదు కాబట్టి అంత ఉప్పు పట్టదు.

నూనె గురించి మీ కోడలు చెప్పింది సగమే నిజం. నూనె తగ్గించాలి, నిజమే. అసలు లేకుండా చేయాల్సిన పని లేదు. ఇద్దరికి నెలకు లీటరున్నర పెట్టుకోండి. వేరుశనగ, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు మార్చి మార్చి వాడండి. పామాయిల్లో దాదాపు సగం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే రకం కొవ్వే, దాన్ని ఇంట్లోకి రానివ్వకండి. డాల్డా కూడా అంతే. గేదె పాలు కాచి, చల్లారాక మీగడ తీసేసి తోడు పెట్టండి. నెయ్యి ఆదివారం వేడన్నంలో ఒక చెంచాకు నేనైతే అడ్డు చెప్పను.

ఇప్పుడు చేపలు. ఇక్కడ నాకు నిజంగా బాధేసింది. స్టెంటు పడ్డ మనిషికి చేపల పులుసు బంద్ చేయడమేమిటి! కోడి చర్మం, మటన్ కొవ్వు, బోటి తగ్గించండి, సరే. చేప గుండెకు మేలు చేసే తిండి. అందులోనూ ఖరీదైన వంజరమే కొనక్కర్లేదు. కానాగంతలు, కవళ్లు లాంటి చవక సముద్రపు చేపల్లోనే ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఎక్కువగా ఉంటుంది. మైపాడు వైపు నుంచి మీకు చేపల బండి వస్తుందని రాశారు కదా, వారానికి రెండుసార్లు ఆపండి. పులుసు వేపుడు కాదు, పులుపులో ఉడికే చేప. మార్చాల్సింది ఒక్కటే: పైన నూనె తేలితేనే పులుసు అనే లెక్క. మట్టి చట్టిలో మూడు చెంచాల నూనెతో తాలింపు వేసి, పుల్ల మామిడి ముక్కలు నాలుగు ఎక్కువ వేసి, రేపటికి ఉంచి తినండి. మర్నాటి పులుసు రుచి నేను మీకు చెప్పాలా? ముల్లు తీయడానికి ఆయనకు ఓపిక ఉంటే సరే, కవళ్ల ముళ్లు గొంతుకు అడ్డం పడతాయనుకుంటే పెద్ద చేప ముక్కలు తీసుకోండి.

గుడ్డు సంగతి కూడా అంతే. రోజుకొకటి అనను, షుగరు కూడా ఉంది కాబట్టి వారానికి మూడు నాలుగు ఉడకబెట్టి పెట్టండి. తెల్లసొన రోజూ పెట్టినా పరవాలేదు. ఎందుకంటే ఆయనకు ఇప్పుడు కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. కిడ్నీలు బాగుంటే ఆయన బరువుకు రోజుకు 60 గ్రాములకు అటూ ఇటూ. గుడ్డులో 6 గ్రాములుంటాయి, అరచేయంత చేప ముక్కలో 20 వరకు ఉంటాయి. మిగతాది పప్పు, పెరుగు, శనగలు, అలసందలు పూడుస్తాయి. పప్పుచారు పలచగా కాకుండా గట్టి పప్పు, ఎనిపి పెట్టండి.

పళ్లు లేని మనిషికి పచ్చి క్యారెట్ ఎవరు చెప్పినా చెప్పి ఉండకూడదు. కూరగాయలు కావాలి, మెత్తగా కావాలి. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ పెసరపప్పుతో. తోటకూర, పాలకూర, గోంగూర పులగూర చేసి మెత్తగా ఎనపండి. (ఆయన మందుల్లో వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ అనే మాత్ర ఉంటే, ఆకుకూర ఒక రోజు గంపెడు, ఒక రోజు సున్నా అన్నట్టు కాకుండా రోజూ ఒకే కొలతలో పెట్టండి, డాక్టరుకూ చెప్పండి.) వేరుశనగకాయలు ఉప్పు లేకుండా మెత్తగా ఉడకబెట్టి, సాయంత్రం బజ్జీల వేళకు ఒక గుప్పెడు చేతిలో పెట్టి చూడండి. ఆయన్ను సెంటరుకు నడిపించేది ఆ వేళకు వేసే ఆకలి. ఇంట్లో ఏదో ఒకటి దొరికితే ఆ నడక సగం తగ్గుతుంది. అక్కడ కలిసే స్నేహితులు కూడా ఒక కారణమైతే, వెళ్లనివ్వండి, టీ తాగి రానివ్వండి.

అన్నం మానాల్సిన పని లేదు, కొండలా పెట్టుకోవడం మానాలి. పొలం పనిచేసిన రోజుల్లో ఆ కొండ కరిగేది, ఇప్పుడు పొలం కౌలుకు పోయింది. ముందు కంచంలో సగం కూర, పావు పప్పో చేపో, ఆ మిగిలిన పావులో అన్నం. మీ పుట్టిల్లు కనిగిరి వైపని రాశారు. చిన్నప్పుడు సజ్జ సంగటి, కొర్రన్నం తిని పెరిగి ఉంటారు, పెన్నా కిందికి కోడలిగా వచ్చాక వరన్నానికి అలవాటు పడి ఉంటారు. రాత్రి పూట మీ పుట్టింటి వంట ఆయనకు పెట్టండి. బెంగళూరు నుంచి కొరియర్లో వచ్చే మసాలా ఓట్స్ ప్యాకెట్ల కంటే కొర్రలు మేలు. ఆ ప్యాకెట్లలో ఉప్పు ఎంత ఉందో వెనక చదివించుకోండి, మీకే తెలుస్తుంది.

ఇంతవరకు రాసింది ఆయన గురించి. నాకు మీ ఉత్తరంలో అన్నింటికంటే ఎక్కువ కలవరం కలిగించిన మాట ఆరో పేజీ చివర ఉంది. "నాదేముంది, ఏదో ఒకటి తింటా. నాకూ బీపీ ఉంది, గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకుంటా."

అక్కా, మీకు 64. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లకు గుండె జబ్బు భయం పెరుగుతుంది. మీ బీపీ మాత్ర రోజూ పడడం లేదు. ఆయన పడుకున్నాక వంటింట్లో కింద కూర్చుని పచ్చడి మెతుకులు తింటున్నది మీరు. ఆయనకు తగ్గించిన ఉప్పంతా మీ కంచంలోకి వస్తోంది. పైగా ఆడవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి గుండెల్లో నొప్పి లేకుండానే వస్తుంది. ఆయాసం, దవడ నొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, ఎన్నడూ లేనంత నీరసం. ఇలాంటివి వస్తే గ్యాస్ అనుకుని పడుకోకుండా 108కి ఫోన్ చేయించండి. ఆయనకైనా మీకైనా అదే మాట.

అందుకే మూడో దారి అంటే నాకు ఇదే: రెండు వంటలు ఆపేసి ఒకటే వండండి. నేను పైన రాసిన ఉప్పు, నూనె, చేప, పప్పు అన్నీ మీ ఇద్దరికీ. రోగి కూడు అని ఒకటి వేరుగా ఉన్నంతకాలం ఆయన దాన్ని శిక్షలాగే చూస్తారు. మీరు ఎదురుగా కూర్చుని అదే పులుసు, అదే ఉప్పుతో తింటుంటే ఆయన ఎవరి మీద కోపగించుకోవాలి? ఈ దారికీ ఖరీదు ఉంది, దాచను. మీకు ఇష్టమైన కారం, నూనె మీరూ కొంత వదులుకోవాలి. మొదటి మూడు వారాలు ఆయన సణుగుతారు, మీకూ రుచించదు. బజ్జీలు ఒక్కసారిగా ఆగవు. పది రోజులకొకసారి తిని వచ్చారని తెలిస్తే దాన్ని తగువు చేయకండి. రోజూ తినేదే నాళాలను పాడు చేస్తుంది, బాగు చేసేదీ అదే.

ఆయనతో మాట్లాడేటప్పుడు గుండె మాటతో మొదలుపెట్టకండి. "నిన్ను కట్టడి చేయడం నాకు చేతకావడం లేదు, నేనూ అదే తింటా, ఆదివారం చేప నువ్వే తీసుకురా" అనండి. చేప ఎంచడం ఆయనకు తెలిసిన పని. నడిచి వెళ్లి తెస్తే ఇంకా మంచిది, డాక్టరు నడవమన్నంత దూరమే.

కోడలి మీద మీకు కొంచెం కోపం ఉన్నట్టుంది, రాయలేదు కానీ తెలుస్తోంది. దూరాన ఉండి భయపడే పిల్లలు ఇలాగే వీడియోలు పంపుతారు. ఆమెకు పనికొచ్చే పని ఒకటి అప్పగించండి. బీపీ చూసే మిషను, బరువు చూసే మిషను పంపమనండి, వారం వారం అంకెలు ఫోనులో ఆమెకే చెప్పండి. బరువు రెండు మూడు రోజుల్లోనే 2 కేజీలు పెరిగి, కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వస్తే అది తిండి వల్ల పెరిగిన బరువు కాదు, ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

డాక్టరు దగ్గర ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఎంత ఉందో కూడా అడగండి. స్టెంటు పడినవాళ్లకు మామూలుగా 70 లోపు ఉండాలంటారు, కొందరికి ఇంకా తక్కువ ఉండాలంటారు. తిండితో కొంత తగ్గుతుంది, మిగతాది కొలెస్ట్రాల్ మాత్ర తగ్గిస్తుంది. తిండి బాగుందని ఆ మాత్ర ఆపడానికి లేదు.

రెండు నెలల తర్వాత నాకు మళ్లీ రాయండి. బరువు, బీపీ, డబ్బాలో మిగిలిన ఉప్పు ఎంతో రాయండి. ఆయనవి ఒక వరసలో, మీవి ఒక వరసలో.